చెమటకూ ఒక మోతాదు ఉంది

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

ఆట, నడక, పరుగు మనసుకు మేలు చేస్తాయని ఇప్పుడు ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎంత చేయాలి, ఎప్పుడు చేయాలి, ఎక్కడ ఆగాలి అన్న దగ్గరే తికమక. బెంగళూరులో ఉంటున్న మన పాఠకులు పంపిన ఉత్తరాలన్నీ ఆ తికమక చుట్టూనే ఉన్నాయి. క్రీడా మనస్తత్వ నిపుణులు, ఫిజియోథెరపిస్టు కలిసి కూర్చుని ఈ జవాబులు రాశారు. ఉత్తరాలు రాసినవారి పేర్లు, ఆనవాళ్లు తీసేశాం.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మారతహళ్లిలో పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఐదారు నెలలుగా దేని మీదా మనసు నిలవడం లేదు. లాప్‌టాప్ మూయగానే మంచమెక్కి ఫోన్ పట్టుకోవడమే. మా అక్క "జిమ్‌కి వెళ్లరా, అంతా సర్దుకుంటుంది" అంటే ఏడాదికి డబ్బు కట్టాను. తొమ్మిది రోజులు వెళ్లి మానేశాను. ఇప్పుడు ఆ వీధిలోంచి వెళ్లాలన్నా సిగ్గేస్తోంది. నాకు పట్టుదల లేదంటారా?

జవాబు: పట్టుదలకు దీంతో సంబంధం లేదు. మోతాదు తప్పింది, అంతే. మనసు కుంగినప్పుడు ముందుగా పోయేది ఊపు. ఊపు వచ్చాక లేద్దాం అని కూర్చుంటే అది రాదు. కాబట్టి వరస తిరగేయాలి: ముందు కాళ్లు కదలాలి, ఊపు వాటి వెనకాల వస్తుంది. అలా రావాలంటే మొదటి మోతాదు మీకు నవ్వొచ్చేంత చిన్నదిగా ఉండాలి.

మొదటి రెండు వారాలు పది నిమిషాల నడక మాత్రమే. పీజీ గేటు నుంచి ఐదు నిమిషాలు ముందుకు, ఐదు నిమిషాలు వెనక్కి. రోజూ అదే దారి, అదే వేళ. బూట్లు లాప్‌టాప్ బ్యాగు పక్కనే పెట్టుకోండి. లాప్‌టాప్ మూసిన చేత్తోనే బూట్లు వేసుకోవాలి, మధ్యలో మంచం రాకూడదు. "ఒక్క పది నిమిషాలు నడుం వాల్చి వెళ్దాం" అన్న రోజున నడక ఉండదు. మరీ లేవలేని రోజుకు ఇంకా చిన్న మోతాదు పెట్టుకోండి: గేటు దాకా వెళ్లి వెనక్కి రావడం. అది కూడా లెక్కలోకే వస్తుంది.

ఇంకో పని తప్పకుండా చేయండి. చిన్న నోట్‌బుక్‌లో రోజుకు మూడు అంకెలు రాయండి. బయల్దేరే ముందు మనసు పదికి ఎంత ఉంది, తిరిగొచ్చాక ఎంత ఉంటుందని మీరనుకుంటున్నారు, నిజంగా ఎంత ఉంది. చాలామందికి 3, 3, 4 అనో, 2, 2, 3 అనో వస్తుంది. పెరిగింది ఒక్క అంకే కావచ్చు. కానీ "వెళ్లినా ఏం లాభం" అని మనసు చెప్పే జోస్యం వరసగా తప్పుతోందని మీ చేతిరాతలోనే కనిపిస్తుంది. రెండు వారాల తర్వాత ఆ పేజీ మీకు ఏ స్నేహితుడి ఉపదేశం కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

మూడో వారం నుంచి ఇరవై నిమిషాలు, ఐదో వారం నుంచి ముప్పై. వారానికి ఐదు రోజులైతే 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకు చెప్పింది 150 నుంచి 300 నిమిషాలు, దాంతోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని. నడక వేగం ఎంతుండాలో తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం.

జిమ్ సంగతికొస్తే, కట్టిన డబ్బు ఎక్కడికీ పోలేదు. ఆరో వారంలో రద్దీ లేని వేళ చూసుకుని వెళ్లండి. లెగ్ ప్రెస్, ఛెస్ట్ ప్రెస్, రోయింగ్ మెషిన్‌ను గుంజే వ్యాయామం, ఈ మూడే. ఒక్కోటి పదేసి సార్లు రెండు విడతలు. పాతిక నిమిషాల్లో బయటపడాలి. తొమ్మిది రోజులకే మానేయడానికి కారణం మామూలుగా ఇదే: మొదటి రోజే గంటన్నర చేస్తారు, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఒళ్లు నొప్పులు తారస్థాయికి చేరతాయి, ఒకరోజు మానేస్తారు, ఆ మానేసినందుకు సిగ్గుపడి మిగతా రోజులూ మానేస్తారు. తప్పిన రోజును మర్నాడు రెట్టింపు చేసి పూడ్చాలని చూడకండి.

ఇది నిజంగా పనిచేస్తుందా అంటే, చేస్తుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు డిప్రెషన్ ఉన్న 156 మందిని తీసుకుని కొందరికి వ్యాయామం, కొందరికి సెర్ట్రలిన్ మాత్ర, కొందరికి రెండూ ఇచ్చి 1999లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లంతా యాభై దాటినవాళ్లు. పదహారు వారాలకు మూడు గుంపులూ దాదాపు సమానంగా మెరుగయ్యాయి. అయితే మొదట్లో మాత్రే త్వరగా పనిచేసింది. ఆ తేడా గుర్తుంచుకోవాలి. వ్యాయామం నిదానంగా పనిచేసే మందు.

మీరు ఐదారు నెలలు అంటున్నారు. అందుకే నడక ఒక్కటే చాలని మేం చెప్పం. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టీ ఉంది, గత రెండు వారాల గురించి అడుగుతుంది, మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే సైకియాట్రిస్టును గానీ, క్లినికల్ సైకాలజిస్టును గానీ కలవండి. చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఏ జవాబొచ్చినా, మొత్తం ఎంతైనా సరే, కలవాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేది కూడా నడుచుకుంటూ వెళ్లొచ్చు. రెండింటికీ పోటీ లేదు.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, హొరమావులో ఉంటాం. ఏడాది కిందట ఒకసారి ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరాడక ఆస్పత్రికి పరుగెత్తాం. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ మామూలుగానే ఉన్నాయి, పానిక్ అన్నారు. అప్పటి నుంచి కాస్త వేగంగా నడిచి గుండె కొట్టుకోవడం తెలిసినా భయమేస్తోంది. లిఫ్ట్ పాడైతే రెండో అంతస్తు ఎక్కలేక కిందే నిలబడిపోతున్నాను. డాక్టరేమో వ్యాయామం చేయమంటారు. ఎలా?

జవాబు: వ్యాయామంలో వచ్చే దడ, ఆయాసం, చెమట, పానిక్‌లో వచ్చేవీ అవే. ఆ ఒక్క రోజు అనుభవంతో మీ మెదడు రెండింటినీ ఒకే గాటన కట్టేసింది. దాన్ని విడదీయడానికి మెట్ల కన్నా మంచి సాధనం లేదు.

ముందు ఒక మాట. శ్రమ పడినప్పుడు ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి ఎడమ చేతికో దవడకో నొప్పి పాకడం, స్పృహ తప్పడం, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా పోయి ఉండడం, వీటిలో ఏదున్నా మళ్లీ గుండె డాక్టరు దగ్గరికే వెళ్లాలి. హిమోగ్లోబిన్ చూపించుకోకపోతే అదీ చూపించుకోండి. రక్తం తక్కువైనా మెట్లెక్కితే దడ వస్తుంది. ఇవేవీ లేవని తేలాక మొదలుపెట్టండి.

మీ బ్లాకులో కింది మెట్టు దగ్గర నిలబడండి. ఆ ఒక్క మెట్టే ఎక్కుతూ దిగుతూ 30 సెకన్లు. ఆగండి. కూర్చోవద్దు, గోడ పట్టుకోవద్దు, నీళ్లు తాగొద్దు, నాడి చూసుకోవద్దు. భయం పదికి ఎంతుందో ఆగిన క్షణాన, ఒక నిమిషానికి, రెండు నిమిషాలకు, మూడు నిమిషాలకు రాయండి. 7, 6, 4, 3 ఇలా దిగుతుంది. దిగేదాకా అక్కడే ఉండండి. ఒకే పూటలో మూడుసార్లు చేయండి. కొద్ది రోజులకు ఆగిన క్షణాన రాసే అంకె మొదటి రోజు అంకెలో సగానికి వస్తే ఒక నిమిషానికి వెళ్లండి, తర్వాత రెండు, తర్వాత ఒక అంతస్తు, రెండు అంతస్తులు. ఆపైన చెరువు కట్ట మీద వేగంగా నడక.

ఇక్కడ మనం చేస్తున్నది ఒంటిని గట్టిపరచడం కాదు. గుండె వేగం పెరిగింది, ఎవరూ ఏమీ చేయకుండానే తగ్గింది అన్న సంగతి మీ మెదడు తనంతట తాను చూడాలి. అందుకే నీళ్ల సీసా, చేతి వాచీలో నాడి అంకె, ఫోన్లో మీవారు, ఇవన్నీ పక్కన పెట్టమంటున్నాం. అవి చేతిలో ఉంటే "ఇది ఉంది కాబట్టి బతికాను" అని మెదడు రాసుకుంటుంది. అప్పుడు మీరు ఎన్ని మెట్లెక్కినా భయం అక్కడే ఉంటుంది.

మూడు పొరపాట్లు తరచూ జరుగుతాయి. మొదటిది, "గట్టిగా ఊపిరి తీసుకో" అన్న సలహా. భయంలో అప్పటికే అవసరానికి మించి గాలి పీలుస్తుంటాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, భయం ఇంకా పెరుగుతుంది. ముక్కుతో చిన్నగా పీల్చి, నిదానంగా, పొడుగ్గా వదలాలి. రెండోది, వేగంగా నడిచి టక్కున ఆగిపోవడం. రక్తం కాళ్లలో నిలిచి కళ్లు బైర్లు కమ్ముతాయి, దాన్ని పానిక్ అనుకుంటారు. నడకకు వెళ్లినప్పుడు చివర మూడు నుంచి ఐదు నిమిషాలు మెల్లగా నడిచి ఆపండి. మూడోది, చిక్కటి ఫిల్టర్ కాఫీ తాగి బయల్దేరడం. ఈ ఊళ్లో అది మానమనడం కష్టమేగానీ, మొదటి రెండు వారాలు కాఫీని వ్యాయామం తర్వాతకు జరపండి.

ఇల్లు దాటడమే కష్టమయ్యే స్థితి ఉంటే ఇదంతా ఒంటరిగా వద్దు. ఇదే పనిని పక్కన ఉండి చేయించే సైకాలజిస్టులు ఉన్నారు. సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స, తెలిసినవాళ్లా అని అడిగి వెళ్లండి.

ప్రశ్న: మేం యెలహంకలో ఉంటాం. మా అమ్మాయికి 14 ఏళ్లు, నాలుగేళ్లుగా బ్యాడ్మింటన్ అకాడమీకి వెళ్తోంది. వారానికి ఆరు రోజులు, పొద్దున ఐదున్నరకు ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి. ఈ ఏడాది టోర్నమెంటుకు ముందు రోజు కడుపునొప్పి అంటుంది. సరిగ్గా తినడం లేదు, చిరాకు ఎక్కువైంది. పన్నెండేళ్లకే పెద్దమనిషి అయింది, కానీ నాలుగు నెలలుగా నెలసరి రాలేదు. కోచ్ "బరువు తగ్గింది, ఫుట్‌వర్క్ బాగుపడింది" అంటారు. మావారు "ఇంత ఖర్చు పెడుతున్నాం, ఇప్పుడు వదలకూడదు" అంటారు. నాకేమో భయంగా ఉంది.

జవాబు: అమ్మా, మీ భయమే సరైనది. ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం నెలసరిది. పెద్దమనిషి అయిన మొదటి ఒకటి రెండేళ్లు కాస్త అటూ ఇటూ కావడం మామూలే, కానీ మూడు నెలలకు మించి రాకపోతే ఏ వయసులోనైనా చూపించాలి. ఈ వారమే గైనకాలజిస్టును గానీ, స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టరును గానీ కలవండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్, విటమిన్ డి చూడమని అడగండి.

తిన్నది ఆటకే సరిపోయి ఒంటికి మిగలకపోతే శరీరం ఒక్కో ఖర్చూ తగ్గించుకుంటూ వస్తుంది. నెలసరి, ఎముకల పెరుగుదల, నిద్ర, మనసు, అన్నిటి మీదా దెబ్బ పడుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే దీనికి రెడ్స్ అని పేరు పెట్టింది, 2023లో ఆ మార్గదర్శకాలను తిరగరాసింది. చిరాకు, ఏడుపు, కడుపునొప్పి "ఒత్తిడి" అని తోసేసేవి కావు. ఆకలి కూడా అలాగే కనిపిస్తుంది. బరువు తగ్గితే కొన్ని వారాలు కాళ్లు తేలిగ్గా కదులుతాయి, ఆ తర్వాత గాయాలు మొదలవుతాయి. కోచ్‌గారికి ఈ ముక్క డాక్టరు చేత రాయించి చూపించండి. మీరు చెబితే తల్లి బెంగ అనుకోవచ్చు.

తిండిని కేలరీల్లో లెక్కపెట్టకండి, ఆమె ముందైతే అసలే వద్దు. ఖాళీలు లెక్కపెట్టండి. మెలకువగా ఉన్నంతసేపూ మూడు నాలుగు గంటలకు మించి పొట్ట ఖాళీగా ఉండకూడదు. ఐదింటికి అరటిపండు, రెండు ఖర్జూరాలు, కాసిని పాలు. ఆట అయిన అరగంటలో ఇడ్లీలు, గుడ్డు, స్కూలు బస్సులోనైనా సరే. మధ్యాహ్నం అన్నం, పప్పు, పెరుగు. మూడున్నరకు వేరుశనగ ఉండ గానీ, పెరుగన్నం గానీ. చాలా ఇళ్లలో తప్పేది ఈ మూడున్నర పూటే. స్కూలు నుంచి నేరుగా కోర్టుకు పోయే పిల్ల మధ్యాహ్నం పన్నెండున్నర తిండితో రాత్రి ఎనిమిది దాకా లాగుతుంది. వారానికి ఒక పూర్తి రోజు సెలవు ఉండాలి. ఆ రోజు బ్యాడ్మింటన్ వీడియోలూ వద్దు.

మ్యాచ్ ముందు వచ్చే గుబులుకు చేతికి ఒక పని ఇవ్వాలి. సర్వీసుకు ముందు షటిల్ ఈకలు వేళ్లతో ఒకసారి సర్దడం, ఒక పొడుగాటి ఊపిరి వదలడం, తనకు నచ్చిన ఒక్క మాట లోపల అనుకోవడం, సర్వీసు. ఇంతే, నాలుగైదు సెకన్ల పని. దీన్ని ప్రాక్టీసులో నెల రోజులు ప్రతి సర్వీసుకూ చేయాలి. మ్యాచ్ రోజు కొత్తగా నేర్పితే అదీ ఒక బరువే.

ఓడి వచ్చిన రోజు కారులో మీవారు ఏం మాట్లాడుతున్నారో గమనించండి. పిల్లలు ఆట మానేసే నిర్ణయం చాలాసార్లు ఆ ప్రయాణంలోనే జరుగుతుంది. మొదటి గంట ఆట ప్రస్తావన వద్దు. "ఆకలేస్తోందా తల్లీ?" అన్నది చాలు. ఖర్చు మాట ఆమె చెవిన అసలు పడకూడదు. పద్నాలుగేళ్ల పిల్ల దాన్ని అప్పుగానే వింటుంది. ఒకరోజు తీరిగ్గా ఉన్నప్పుడు ఇలా అడగండి: "ఎవరూ ఏమీ అనుకోరంటే, రేపటి నుంచి మానేస్తావా?" జవాబు ఏదైనా సరిదిద్దకండి, వినండి.

మీవారికి ఒక సంగతి చెప్పండి. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ టోక్యో ఒలింపిక్స్‌లో, అంటే 2021లో, గాల్లో తిరుగుతుండగా దిక్కు తెలియని స్థితి వచ్చి టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకుంది. పారిస్‌లో 2024లో మూడు స్వర్ణాలు, ఒక రజతం గెలిచింది. ఆగడానికీ మానేయడానికీ తేడా ఉంది. మన అభినవ్ బింద్రా 2008లో బీజింగ్ స్వర్ణం గెలిచాక తనను శూన్యం ఆవరించిందని బాహాటంగానే చెప్పారు. పతకం ఒక్కటే మనసును నిలబెట్టదని అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాం.

తిన్నది కక్కేయడం, ఒంటి మీద తాను చేసుకున్న గాట్లు, స్కూలుకు వెళ్లనని మొండికేయడం, వీటిలో ఏది కనిపించినా పిల్లల మానసిక నిపుణులను వెంటనే కలవాలి.

ప్రశ్న: బైపోలార్‌కు లిథియం వాడుతున్నాను, రెండేళ్లుగా బాగున్నాను. ఈ ఏడాది 10కె పరుగు పరుగెత్తాలని ఉంది. మందుతో ఇబ్బంది ఉందా?

జవాబు: పరుగెత్తవచ్చు, మీ డాక్టరుకు చెప్పి. లిథియం తగిన స్థాయికీ, విషంగా మారే స్థాయికీ మధ్య దూరం చాలా తక్కువ. ఎండలో చెమటలు కారి నీళ్లు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరగొచ్చు. గంటకు మించిన పరుగుల్లో నీళ్లతోపాటు ఓఆర్‌ఎస్ తీసుకోండి. ఉన్నట్టుండి ఉప్పు మానేయకండి. ట్రైనింగ్ పెంచే ముందు ఒకసారి, పెంచాక ఒకసారి లిథియం స్థాయి పరీక్ష చేయించుకోండి. అన్నిటికన్నా ముఖ్యం నొప్పి మాత్ర. పరుగెత్తేవాళ్లు మోకాలు నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇట్టే వేసుకుంటారు. అవి లిథియాన్ని ఒంట్లో నిలిపేస్తాయి. మీరు వాటి జోలికి పోవద్దు. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే పరుగు ఆపి నేరుగా ఆస్పత్రికే వెళ్లాలి.

ఇదే సందర్భంలో, దడ తగ్గించే ప్రొప్రనొలాల్ మాత్ర వాడుతూ వ్యాయామం చేయడం గురించి అడిగిన ఇంకొకరికీ జవాబు: ఆ మాత్ర వాడేవాళ్లు వాచీలో నాడి అంకెను నమ్ముకోకండి, ఆ మందు దాన్ని అంతగా పెరగనివ్వదు. మాట–పాట పరీక్షే మీకు కొలత.

ప్రశ్న: మా మామయ్యగారు మదనపల్లెలో టీచరుగా చేసి రిటైరయ్యారు. 71 ఏళ్లు. పోయినేడాది అత్తయ్యగారు పోయాక వైట్‌ఫీల్డ్‌లో మా దగ్గరికి తీసుకొచ్చాం. తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు. రోజంతా టీవీ ముందే. కిందికి వెళ్లి నడవండి మామయ్యా అంటే "నాకెందుకమ్మా ఇప్పుడు నడక" అంటారు. ఒకసారి బాత్రూములో కాలు జారాక భయం కూడా పట్టుకుంది.

జవాబు: ఆయన పోగొట్టుకున్నది భార్యను ఒక్కరినే కాదు. మదనపల్లెలో ఆయన నడకకు ప్రతిసారీ ఒక పని ఉండేది: పేపరు, కూరగాయలు, బ్యాంకు, దారిలో పలకరించే పాత శిష్యులు. అక్కడ ఎవరూ ఆయన్ని "నడవండి" అని ఉండరు. ఇక్కడ పని తీసేసి నడకను మాత్రమే ఇస్తున్నాం. అందుకే చేదుగా ఉంది.

కాబట్టి నడవమని అడగకండి, పని అడగండి. "మామయ్యా, పెరుగు అయిపోయింది, కింద కొట్లో తెస్తారా?", "పిల్లాణ్ణి బస్సెక్కించి వస్తారా?" అని. నిజంగా అవసరమైన పనే చెప్పండి. ఊరికే కల్పిస్తే టీచరుగారు కనిపెట్టేస్తారు. భాష సమస్య అయితే అదే అపార్ట్‌మెంటులో తెలుగు మాట్లాడే ఒక్క పెద్దాయన్ను వెతకండి. పదిమంది గుంపు కన్నా, ఏడింటికి లిఫ్టు దగ్గర కనిపెట్టుకుని ఉండే ఒక్క మనిషి ఎక్కువ.

కాలు జారిన భయాన్ని మాటలతో పోగొట్టలేం, కాళ్లకు బలం వస్తే పోతుంది. గోడకు ఆనించిన, చేతులు లేని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. పక్కనే మీరుండాలి. ఆ వయసు మగవారికి 12 కన్నా తక్కువ వస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం. అప్పుడు రోజూ ఇవి చేయించండి: కుర్చీలోంచి ఐదుసార్లు లేవడం, రోజుకు మూడు పూటలు. వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తడం పదిసార్లు. గట్టు పట్టుకునే ఒంటి కాలి మీద పది సెకన్లు, రెండో కాలి మీద పది. గోడ పక్కనే ముందు కాలి మడమకు వెనక కాలి వేళ్లు తగిలేలా పది అడుగులు. అరవై అయిదు దాటినవాళ్లకు ఇలాంటివి వారానికి కనీసం మూడు రోజులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. బీపీ మందు వాడుతుంటే పక్క మీంచి లేచేటప్పుడు అంచున ఒక నిమిషం కూర్చుని లేవాలి. అరిగిన హవాయి చెప్పులు తీసేసి, మడమ కప్పే బూట్లు కొనండి. బయటి ఫుట్‌పాత్‌ల మీద రాళ్లు లేచి ఉంటాయి, మొదటి నెల అపార్ట్‌మెంటు లోపలే తిరగనివ్వండి.

ఈ వయసులో నడిస్తే మెదడుకు ఏం ఒరుగుతుంది అని ఆయన అడిగితే, లెక్కలు ఇష్టపడేవారైతే ఇది చెప్పండి. 120 మంది పెద్దవాళ్లతో ఏడాదిపాటు చేసిన పరిశోధన 2011లో వచ్చింది. వారానికి మూడు రోజులు 40 నిమిషాలు నడిచినవాళ్లలో జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోక్యాంపస్ రెండు శాతం పెరిగింది, సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లలో తగ్గింది.

ఒక హెచ్చరిక. తిండి రుచించకపోవడం, బరువు తగ్గడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, "నేనూ మీ అత్తయ్య దగ్గరికి పోతే బాగుండు" అనడం, ఇవి వయసు వల్ల వచ్చేవి అనుకోకండి. బి12, థైరాయిడ్, వినికిడి చూపించి, సైకియాట్రిస్టును కలవండి. పెద్దల్లో డిప్రెషన్ చికిత్సకు లొంగుతుంది.

ప్రశ్న: ఆఫీసు అయ్యాక రాత్రి పది నుంచి పదకొండు దాకా టర్ఫ్‌లో ఫుట్‌బాల్ ఆడతాం. ఒత్తిడి పోతోంది గానీ రెండింటి దాకా నిద్ర రాదు.

జవాబు: గట్టిగా ఆడాక ఒంటి వేడి, నాడి దిగడానికి సమయం పడుతుంది. ఫ్లడ్‌లైట్ల వెలుగు దానికి తోడు. ఆట ముగిసిన గంటలోపే పడుకుంటే నిద్ర పట్టకపోవడం సహజం. స్లాటు ఎనిమిదికి మార్చుకోగలిగితే అదే మందు. కుదరకపోతే వారానికి రెండు రాత్రులకు పరిమితం చేసి, చివరి పది నిమిషాలు మెల్లగా నడిచి, గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేసి, తేలిగ్గా తినండి. ఆటకు ముందు తాగే ఎనర్జీ డ్రింకు మానేయండి. అందులోని కెఫీన్ సగం తగ్గడానికే ఐదు గంటలు పడుతుంది.

ప్రశ్న: 41 ఏళ్లు, జయనగర్. రెండేళ్ల కిందట ఉద్యోగం పోయినప్పుడు పరుగు మొదలుపెట్టాను, అదే నన్ను నిలబెట్టింది. ఇప్పుడు వారానికి 60 కిలోమీటర్లు. మూడు వారాలుగా కుడి కాలి ముందరి ఎముకలో ఒకచోట నొప్పి. పరుగెత్తని రోజు ఇంట్లో అందరి మీదా అరుస్తున్నాను.

జవాబు: రెండు గాయాలున్నాయి, కాలిది ముందు చూద్దాం. నొప్పి ఎముక పొడుగునా పరుచుకుని ఉందా, వేలితో నొక్కి ఇక్కడే అని చూపించగలుగుతున్నారా? ఒక్కచోటే అయితే, ఒంటికాలితో గెంతితే అక్కడే పోటు వస్తే, స్ట్రెస్ ఫ్రాక్చర్ అనుమానించాలి. ఈరోజు నుంచే పరుగు ఆపండి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. దాన్ని చూసి మళ్లీ పరుగెత్తడం మొదలుపెట్టి ఎముక పూర్తిగా విరగ్గొట్టుకునేవాళ్లు ఉన్నారు. ఎంఆర్‌ఐ ముందే పట్టుకుంటుంది.

రెండోది. గాయం ఉన్నా ఆగలేకపోవడం, ఆగితే చిరాకు, నిద్రలేమి, ఇంట్లో గొడవలు, ఇవి కలిసి వస్తే పరుగు మిమ్మల్ని మోయడం మాని, మీరు దాన్ని మోస్తున్నారని అర్థం. తప్పు పరుగుది కాదు. కష్టకాలంలో దొరికిన ఒకే ఒక్క ఊతకర్ర అది. ఇప్పుడు రెండో కర్ర కావాలి. ఫిజియో ఒప్పుకుంటే, నొప్పి రాకపోతే, పరుగెత్తే వేళకే స్విమ్మింగ్ పూల్‌లో ఒంటికి బెల్టు కట్టుకుని లోతు నీళ్లలో పరుగెత్తండి, 40 నిమిషాలు. అలవాటైన వేళ ఖాళీగా ఉండకపోవడం చాలా ముఖ్యం. మొదటి పది రోజులు చిరాకు ఉంటుందని ఇంట్లో ముందే చెప్పండి. ఉద్యోగం పోయినప్పటి సంగతి ఇప్పటిదాకా ఎవరితోనూ పూర్తిగా మాట్లాడి ఉండకపోతే, ఒక సైకాలజిస్టుతో నాలుగైదుసార్లు కూర్చోండి. కాలు కట్టేసినప్పుడు ఆ మాటలే పైకి వస్తాయి.

ప్రశ్న: మేం పన్నెండు మందిమి ప్రతి ఆదివారం బాక్స్ క్రికెట్ ఆడతాం, అందరం తెలుగువాళ్లమే. మా వికెట్‌కీపర్ నెలన్నరగా రావడం లేదు. మొన్న తన కిట్ బ్యాగు ఇంకొకడికి ఇచ్చేశాడు. "నేను లేకపోయినా మీకేం ఇబ్బంది ఉండదులేరా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నాకు నిద్ర పట్టడం లేదు. అడిగితే బాధపడతాడేమో.

జవాబు: ఈ ఉత్తరానికి అందిన రోజే ఫోన్లో జవాబిచ్చాం. ఇలాంటి స్నేహితుడు ఉన్న ప్రతి టీమ్‌కూ పనికొస్తుందని ఇక్కడ వేస్తున్నాం.

ఇష్టంగా కొనుక్కున్న వస్తువులు పంచేయడం, తాను లేకపోవడం గురించి మాట్లాడడం చిన్న సంకేతాలు కావు. ఈరోజే వెళ్లండి, ఒంటరిగా దొరికే చోట కూర్చోండి, సూటిగా అడగండి: "ఒరే, చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడిగినవాడు ఒకడున్నాడన్న ఊరట కలుగుతుంది. అవునంటే తిట్టకండి, "అమ్మానాన్నల గురించి ఆలోచించు" అనకండి. ఎప్పటి నుంచి, ఏమైనా అనుకున్నాడా అని అడిగి వినండి. హాని చేసుకునే వస్తువులు, మాత్రలు గదిలో ఉంటే తీసేయండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి, ఇంట్లో తాను నమ్మే ఒకరికి చెప్పాలి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. అతని పక్కన కూర్చుని మీరే చేసి ఫోన్ చేతికివ్వండి. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో అత్యవసర విభాగం రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది. ఇప్పుడే ఏదైనా చేసుకుంటాడన్న భయం ఉంటే 112.

వైద్యం మొదలయ్యాక ఆటలోకి తీసుకురండి, తొందరపెట్టకుండా. కీపింగ్ చేయమనకండి, ఆ కిట్ బ్యాగు గురించి అడగకండి. ఆదివారం పొద్దున మీరే బండి మీద వెళ్లి ఎక్కించుకు రండి. గోడ పక్కన కుర్చీ వేసి, స్కోరు పుస్తకం చేతికివ్వండి.